మాయగువ్వ గొంతులో వణుకు

సూర్యుడికి సైతం దారి తెలియని దేశం ఒకటుందంటే అది నీహారదేశమే. తెల్లవారితే లోయల్లోంచి లేచే మంచు, మధ్యాహ్నానికి కొండల నడుములు చుట్టుకునే మంచు, సాయంత్రానికి ఊళ్ళోకొచ్చి అరుగుల మీద చతికిలబడే మంచు. ఆ మంచులోనే మేఘఘట్టమనే రాజధాని. దాని బురుజుల మీద పచ్చరాళ్ళు తాపిన కలశాలు, గోపురద్వారాల మీద రెక్కలు విప్పిన గండభేరుండాలు, రాజవీధికి అటూ ఇటూ పాలరాతి ఏనుగులు ఉన్నాయని కవులు రాశారు. ఉన్నమాటే కావచ్చు. మూడడుగుల అవతల ఏముందో చూసినవాడు లేడు కనుక ఎవరూ కాదనలేదు.

చూపు లేనిచోట చెవి బతికిస్తుంది. ఆ దేశపు కొండదారుల్లో మూడువందల అరవై మలుపులున్నాయి. పూర్వం మలుపుకొక రాతిస్తంభం, స్తంభానికొక కొక్కెం, కొక్కేనికొక కంచుగంట ఉండేవి. గాలికి మోగే ఆ గంటల్లో ఏ రెండిటి గొంతూ ఒకటి కాదు. పిల్లలు ఓనమాలకంటే ముందు వాటిని నేర్చుకునేవారు. ఖంగుమంటే కుక్కముక్కు మలుపు, టణీమంటే ముసలమ్మ మలుపు, బొంయ్యిమంటే ఏనుగుగుండు.

మూడేళ్ళ క్రితం ఉత్తరాన గంధకగిరి నుంచి తామ్రజిహ్వుడనే మాంత్రికుడు వచ్చాడు. ఎర్రలక్క పూసిన రెండు లోహపు గువ్వలను సంతలో ఎగరేసి, "పోవలసిన చోటు దీని చెవిలో చెప్పండి, ముందు ఎగిరి దారి చూపుతుంది. ధర అంటారా? మీ పాత గంట ఇవ్వండి, చాలు" అన్నాడు. ఉచితమంటే ఊరుకునే జనం ఏ దేశంలోనూ లేరు. మూడునెలల్లో మూడువందల అరవై గంటలూ గంధకగిరికి పోయాయి, ఆ తర్వాత ఆరునెలల్లో మూడువందల అరవై గువ్వలు వచ్చాయి. ఆ గంటలన్నీ పోతపోసిన కంచరి లోకాచారి చిట్టచివరి గంటను మోసుకుపోతూ పలకని లోయలో పడిపోయాడు. రాయి వేసినా చప్పుడు తిరిగిరాని లోయ అది. అంచున అతని తలపాగా ఒక్కటే దొరికింది.

ఆ లోకాచారి కూతురు పైడమ్మ ఇప్పుడు ఈ దేశానికి రాణి. రాణి అయి పందొమ్మిది రోజులు.

అదెలా జరిగిందంటే, ముసలిరాజు బిడ్డలు లేకుండా పోయాడు. ఆచారం ప్రకారం మంగళ అనే పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి ఊరి మీదికి వదలాలి. వదిలేముందు దాని మెడలో గంట వదులైతే బిగించడానికి పైడమ్మను పిలిపించారు. ఏనుగు వీధిలోకి ఒక్కడుగు కూడా వేయకుండా, గంట బిగిస్తున్న పిల్ల మెడలోనే దండ వేసి పని ముగించేసింది. ఆమె కొంగున ఉన్న బెల్లంముక్క కోసమే వేసిందని సగం ఊరు ఈనాటికీ అంటుంది. పురోహితులు ఆమెకు హేమాంగదాదేవి అని బిరుదునామం పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆమె మొదటి రెండుసార్లు పలకదు. మనం పైడమ్మనే అందాం.

పందొమ్మిదో నాటి కొలువులో తామ్రజిహ్వుడి దూత రాగిరేకు విప్పి చదివాడు. ఇకమీదట నూరేళ్ళపాటు నీహారదేశంలో దారి చూపే హక్కు గువ్వలకే ఉండాలి. ఎవరూ గంట పోయరాదు, కట్టరాదు. గువ్వ కడుపు ఎవరూ విప్పి చూడరాదు. పున్నమిలోగా రాజముద్ర పడకపోతే గువ్వలన్నీ తిరిగి గంధకగిరికి వెళ్ళిపోతాయి. పున్నమికి మూడు రోజులే ఉంది.

మహామంత్రి శతానందుడు తెల్లగడ్డం సవరించుకున్నాడు. ఆయన మంచి మనిషి. కొత్తరాణి కిరీటం బరువుకు మెడ పట్టేస్తోందని తెలిసి, లోపల దూదిమెత్త కుట్టించింది ఆయనే. "ముద్ర వేయండి మహారాణీ. గువ్వలు పోతే ఉప్పు రాదు, మందుమూలికలు రావు. గంటలు లేవు, వాటి గొంతులు గుర్తున్నవాళ్ళూ తగ్గిపోతున్నారు" అన్నాడు.

సేనాపతి రణకంఠుడు కత్తి ఒరలోంచి సగం లాగాడు. ఆయనకు ఏ మాటకైనా కత్తి సగం లాగడం అలవాటు. "పగలగొట్టిద్దాం! మూడువందల అరవై గువ్వలు, మూడువందల అరవై సమ్మెటలు. ఒక్క పూటలో అయిపోతుంది."

"సరే, పగలగొట్టాక ఉప్పు నువ్వు మోసుకొస్తావా బాబాయ్?" అంది పైడమ్మ. సభ ముసిముసిగా నవ్వింది, సేనాపతి కత్తి లోపలికి పోయింది. ఆమె దూత వైపు తిరిగింది. "అయ్యా, కాపురానికొచ్చే కోడలైనా అత్తింట్లో పెట్టె తాళం తీసి చూపిస్తుంది. మీ గువ్వ కడుపు ఎందుకు చూపదు?"

దూత నవ్వి రాగిరేకు చుట్టేశాడు.

ఆ దేశంలో ఒక పాత ఆచారం ఉంది, పేరు చేతిపొద్దు. ఏ పని గురించి శాసనం చేస్తారో ఆ పనిని ఏలిక పొద్దుపొడుపు నుంచి పొద్దుగుంకేదాకా తన చేతులతో చేసి తీరాలి. తర్వాతే ముద్ర. ముసలిరాజు ఆ ఆచారానికి భయపడే నలభై ఏళ్ళు ఒక్క శాసనమూ చేయలేదు. పైడమ్మకు మాత్రం పందొమ్మిది రోజుల్లో మొదటిసారి ప్రాణం లేచొచ్చింది.

"రేపు చేతిపొద్దు. ఉప్పు బిడారుతో పోతాను," అని సింహాసనం దిగిపోయింది.

అందరు రాజులూ మారువేషం వేసుకుంటారు. పైడమ్మ వేసి ఉన్న వేషం విప్పేసింది. నగలు తీసేసి, తన పాత నేతచీర గోచిపోసి కట్టి, రాజముద్ర ఉంగరం కొంగున ముడివేసి, తండ్రి చిన్నసుత్తి నడుముకు దోపుకుంది. గంట పోతపోశాక గొంతు సరిచూసే సుత్తి అది. తెల్లారేసరికి బిడారు బయల్దేరే ఉత్తరద్వారం దగ్గర నిలబడి ఉంది.

బిడారు నాయకురాలు తిమ్మక్క యాభై ఏళ్ళ మనిషి. బొంగురుగొంతు, ముక్కుకు అడ్డబాస, జోడుగోనెల పెరికెలు మోసే నలభై ఎద్దులకు, పన్నెండుమంది మనుషులకు ఆమె మాటే శాసనం. ముందు నడిచే ముసలి ఎద్దు పేరు మేనమామ. పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో మోసుకొచ్చినంత పదిలంగా బిడారును నడిపిస్తుందని ఆ పేరు.

"ఏమే పిల్లా, పెరికె కట్టడం ఇలాగేనా? రెండడుగులకే జారిపోద్ది. ఎవరి పిల్లవే నువ్వు?" అంది తిమ్మక్క.

"కంచరోళ్ళ పిల్లని అత్తా."

"అదీ సంగతి. కంచం పట్టుకోడం తప్ప పని రాదు," అంటూనే తిమ్మక్క పెరికె విప్పి, ముడి ఎలా వేయాలో రెండుసార్లు చూపించింది. తన మూటలోంచి జొన్నరొట్టె తీసి సగం తుంచి చేతిలో పెట్టింది. "తిను. కడుపులో ఏమీ లేకపోతే కొండ ఎక్కలేవు."

పైడమ్మ రొట్టె నముల్తూ, "కొత్తరాణి ఎలా ఉందంటావు అత్తా?" అని అడిగింది.

"ఏనుగు బెల్లానికి ఆశపడితే వచ్చిన రాణి! ఏం చేస్తదో పాపం. చిన్నపిల్లంట, తండ్రి లేడంట. ఆ ముసలి మంత్రి సంతకం పెట్టమంటే పెడతది." తిమ్మక్క మూట ముడివేస్తూ, "చూడాలనుంది ఒకసారి," అంది.

గువ్వ చెవిలో చోటు చెప్పే పని తిమ్మక్క ఈ కొత్తపిల్లకే అప్పగించింది. మూడేళ్ళుగా పైడమ్మ గువ్వను ముట్టుకోలేదు. కంచరవీధిలో గువ్వ పట్టని ఇల్లు వాళ్ళదొక్కటే. ఇప్పుడు దాన్ని అరచేతిలోకి తీసుకుని, ఉప్పు నింపుకోవలసిన చోటు పేరు చెప్పి, "ఉప్పుకొటారు," అంది. గువ్వ కళ్ళలో ఎర్రదీపాలు వెలిగాయి. సన్నగా గుయ్యిమంటూ లేచి మంచులోకి సాగింది. ఆ గుయ్యిమనడం ఎక్కడో విన్నట్టే ఉంది, కానీ లక్కపూత మందంగా ఉండి పోల్చుకోనివ్వలేదు.

కుక్కముక్కు మలుపు దాటారు, ఏనుగుగుండు దాటారు. ప్రతి మలుపులోనూ రాతిస్తంభం, దానికి ఖాళీ కొక్కెం. పన్నెండుమంది మనుషులూ గువ్వ దీపాల మీదే చూపు నిలిపి నడుస్తున్నారు. వాళ్ళలో కుర్రవాళ్ళకు ఏ మలుపు ఏదో తెలియదు, అడిగితే గువ్వకు తెలుసంటారు. మంచు చిక్కబడింది. పక్కన నడిచే ఎద్దు తోక కూడా కనపడ్డం మానేసింది.

ముసలమ్మ మలుపులో మేనమామ ఆగిపోయింది.

గువ్వ నేరుగా ముందుకు పోతోంది. తిమ్మక్క అదిలించింది, తోక మెలేసింది, తిట్టింది, బతిమాలింది. ఎద్దు నాలుగుకాళ్ళూ నేలలో పాతేసినట్టు నిలబడి, మెడ కుడివైపుకు తిప్పుకుని బుసకొట్టింది. వెనక ముప్పైతొమ్మిది ఎద్దులూ ఒకదాని మీదొకటి తోసుకొచ్చాయి.

"గువ్వ చెప్పాక నువ్వెవరివిరా! ముసలితనం వచ్చి మతి పోయింది నీకు," అని తిమ్మక్క ములుకుగర్ర ఎత్తింది.

"ఆగత్తా!" పైడమ్మ వంగి రాయి తీసి గువ్వ పోతున్న వైపు విసిరింది. అందరూ చెవులు రిక్కించారు. రాయి పడ్డ చప్పుడు రాలేదు. ఇంకోటి వేసింది. దానికీ రాలేదు.

తిమ్మక్క చేతిలోంచి కర్ర జారిపోయింది. మేనమామ ముందుకాళ్ళకు జానెడు దూరంలో పలకని లోయ నోరు తెరుచుకుని ఉంది. ఆ ముసలి ఎద్దు మెడను రెండు చేతులా కావలించుకుని, "అయ్యో నా తండ్రీ, నిన్ను కొట్టబోయానే," అని తిమ్మక్క భోరుమంది.

అప్పుడు గువ్వ వెనక్కి తిరిగి గాలిలో నిలబడింది. దాని ముక్కు తెరుచుకుంది, లోపలినుంచి మనిషి గొంతు వచ్చింది.

"జయము మహారాణీ హేమాంగదాదేవీ! పొద్దున నా గువ్వ చెవిలో నువ్వు మాట్లాడగానే, కొలువులో నా దూత గువ్వ విన్న గొంతేనని పోల్చాను. మూడేళ్ళుగా మీ దేశంలో ఎవరెప్పుడు ఎక్కడికి పోతున్నారో అంతా ఈ చెవుల్లోనే పడుతోంది. ఇప్పుడు మీ దారుల మీద నూటపదిమంది ఉన్నారు. నూటపదిమంది ముందూ నా గువ్వలే ఎగురుతున్నాయి. ముద్ర వేస్తానని ఒక్కమాట అను, అందర్నీ ఇళ్ళకు చేరుస్తాను. అననంటావా, అన్ని గువ్వలూ ఇలాగే నేరుగా పోతాయి."

తిమ్మక్క ఏడుపు ఆపి పైడమ్మ మొహంలోకి చూసింది. పొద్దున తాను అన్న మాటలన్నీ గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

పైడమ్మ మాత్రం తామ్రజిహ్వుడి బెదిరింపు సగమే విన్నది. ఆమె చెవి ఇంకోదాని మీద ఉంది. మాంత్రికుడి మాట ముగిసినప్పుడల్లా గువ్వ ఒంట్లో చిన్న వణుకు మిగులుతోంది. మ్... మ్... అని సన్నగా, చివర్న.

ఆ వణుకు ఆమెకు ఊయలనాటి నుంచి తెలుసు. లోకాచారి కంచులో తగరం చిటికెడు ఎక్కువ వేసేవాడు. మిగతా కంచరులు అది తప్పని ఎగతాళి చేసేవారు. "వణకని గొంతులో దయ ఉండదమ్మా," అనేవాడు ఆయన. గంటను కరిగిస్తే పాత వణుకు పోతుందని కంచరి ఇంట పుట్టిన ఎవరికైనా తెలుసు. కరిగించి మళ్ళీ పోసిన చేతి వణుకే కొత్తదానికి వస్తుంది. అంటే ఈ గువ్వలు మన గంటలే. వాటిని గువ్వలుగా పోసిన చెయ్యి నాన్నది. తలపాగా దొరికిన మూడునెలల తర్వాత కూడా గువ్వలు వస్తూనే ఉన్నాయి. నాన్న లోయలో పడలేదు!

నూటపదిమంది మాట గుర్తొచ్చి ఆమె వెంటనే తమాయించుకుంది. దొంగచాటుగా నడుముకున్న సుత్తి మీద చెయ్యి వేసింది.

"తామ్రజిహ్వా, రాణి మాట గట్టిగా చెప్పకూడదంటారు. దగ్గరికి రా," అంది.

గువ్వ దగ్గరికి వచ్చింది. గెలిచానన్న ధీమా మాంత్రికులకు కూడా చెరుపే చేస్తుంది. ఇంకొంచెం రమ్మంది. వచ్చింది. చటుక్కున ఎడమచేత్తో దాని రెక్కలు ఒడిసిపట్టి, కుడిచేత్తో సుత్తి లాగింది. లోకాచారి ప్రతి గంటనూ మూడుచోట్ల తట్టి చూసేవాడు. పెదవి మీద ఒకటి, నడుము మీద ఒకటి, తల మీద ఒకటి. మూడోది తట్టేదాకా గంట తనెవరో తనకు తెలియదని ఆయన నమ్మకం. ఆమె ఆ వరసలోనే కొట్టింది.

ఒకటి. లక్క పెచ్చులూడింది. "ఏయ్, ఏం చేస్తున్నావు!" అని మాంత్రికుడు అరిచాడు.

రెండు. కళ్ళలో ఎర్రదీపాలు ఆరిపోయాయి. మాంత్రికుడి గొంతు తెగిపోయింది.

మూడు.

టణీ... మ్... మ్...

గువ్వ ఆమె చేతిలోంచి ఎగిరి, మంచులో గుడ్డిగా ఒక సుడి తిరిగి, నేరుగా పోయి ముసలమ్మ మలుపు రాతిస్తంభపు ఖాళీ కొక్కేనికి తలకిందులుగా వేలాడింది. గాలి తగిలింది. మళ్ళీ టణీమంది.

ఒక గంట మోగితే పక్కమలుపు గంట పలికేలా శ్రుతి కలపడం లోకాచారి పద్ధతి. గంటల్ని గువ్వలుగా పోసినప్పుడూ ఏ మలుపు గొంతు దానికే ఇవ్వడం, ఆ శ్రుతి కలపడం ఆయన చేతులు మరవలేదు. దిగువ నుంచి ఖంగుమంది. ఎడమనుంచి బొంయ్యిమంది. కొండ వెనక నుంచి, ఇంకో కొండ వెనక నుంచి, గువ్వలన్నీ మాయ వదిలి తమ తమ కొక్కేలకు చేరుకుంటూ ఒకదానికొకటి బదులు పలికాయి.

తిమ్మక్క మంచులో మొహం పైకెత్తి వేళ్ళు మడుస్తోంది. "కుక్కముక్కు... ఏనుగుగుండు... అదిగో జంటరాళ్ళు... ఓలమ్మో, అది మా పుట్టింటి మలుపే పిల్లా, మా పుట్టింటిదే!" కన్నీళ్ళు అడ్డబాస మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. కుర్రవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే పెద్దవాళ్ళు వాళ్ళ భుజాలు తట్టి, ఇది ఫలానా, అది ఫలానా అని చెబుతున్నారు. దూరంగా ఎవరో బాటసారి "కూ" అని కేకేశాడు. ఇంకెవరో బదులిచ్చారు. దారులమీద ఉన్నవాళ్ళు నిలబడ్డచోటి నుంచే ఇల్లు ఎటుందో తెలుసుకుంటున్నారు.

తిమ్మక్క ఒక్కసారిగా గుర్తొచ్చి నేలమీద సాగిలపడబోయింది. "తప్పైపోయింది తల్లీ, బెల్లం అన్నాను, కంచం అన్నాను..."

పైడమ్మ ఆమెను పట్టి లేపింది. "బెల్లం మాట నిజమే అత్తా. ఎవరితోనూ అనకు." కొంగు ముడి విప్పి రాజముద్ర ఉంగరాన్ని ఆమె అరచేతిలో పెట్టి మూసింది. "చేతిపొద్దులో నేర్చుకున్నది చెబుతాను, మహామంత్రికి అప్పజెప్పు. గువ్వల్ని పగలగొట్టొద్దు, అవి మన గంటల కంచే. మాంత్రికుడి రేకుకు ముద్ర వేయొద్దు. కడుపు విప్పి సంతలో చూపించని గువ్వ నా రాజ్యంలో ఎగరకూడదు. ఎగిరే గువ్వ ఉన్న ప్రతి దారిలోనూ మోగే గంట ఉండాలి. పిల్లలకు ఓనమాలకు ముందు మలుపులు నేర్పాలి. ఇది నా మొదటి శాసనం, పొద్దుగుంకాక దీనికి ముద్ర వేయమను."

"మరి నువ్వో?"

"చేతిపొద్దు పొద్దుగుంకేదాకా. ఇంకా మధ్యాహ్నమే." ఆమె గొంతు తగ్గించింది. "పున్నమిలోగా ఆ మాంత్రికుడు ఇంకో మూడువందల అరవై పోయించగలడు. పోసే చెయ్యి వాడి దగ్గరే ఉంది అత్తా. అది మా నాన్న చెయ్యి."

తిమ్మక్క మేనమామ మీది పెరికెలు విప్పి కింద పెట్టేసింది. మిగిలిన జొన్నరొట్టెంతా మూటగట్టి ఎద్దు కొమ్ముకు తగిలించింది. "దీన్ని తీసుకుపో. నా మాట వినదు కానీ మనిషిని పడనివ్వదు," అని, రాణి బుగ్గ పుణికి, ముప్పైతొమ్మిది ఎద్దుల్నీ వెనక్కి మళ్ళించింది. ఖంగుమన్న వైపుకు బిడారు సాగిపోయింది.

పైడమ్మ స్తంభం దగ్గరికి వెళ్ళి కొక్కెం మీంచి గువ్వను దించింది. లక్క రాలిపోయి ఒళ్ళంతా కంచుమెరుపు తేలింది. మూడేళ్ళుగా జనం దాని చెవిలో ఊళ్ళ పేర్లు చెప్పారు, సంతల పేర్లు చెప్పారు. మనిషి పేరు ఎవరూ చెప్పలేదు. ఆమె పెదవులు దాని చెవికి ఆనించింది.

"మా నాన్న దగ్గరికి," అంది.

గువ్వ కళ్ళలో దీపాలు వెలిగాయి. ఈసారి ఎర్రగా కాదు, తేనెరంగులో. లేచి ఏ దారి వైపుకూ పోకుండా పది బారలు ఎడమకు జరిగి, తిన్నగా పలకని లోయ మీదికి సాగింది. పైడమ్మ రాయి వెతికేలోపే మేనమామ ఆమెను పక్కకు నెట్టి, ముందుకాలు ఎత్తి, అంచు దాటి మంచులోకి వేసింది.

"మామా!" అని కేకపెట్టి ఆమె దాని తోక పట్టుకుంది.

ఎన్నడూ చప్పుడు తిరిగిరాని ఆ లోయలో గిట్ట ఆనిన చోట మంచులో దాగిన కంచుమెట్టు మోగింది. మోగి, చివర్న సన్నగా వణికింది.